తీగలకు చిరునామాలు

"నలభై వేల పెసోలు. మూడు వారాలు.
వైరు ఖర్చు వేరే" అన్నాడు బల్దొమేరో,
బానెట్ కిందికి వంగనైనా వంగకుండా,
మాతే ఆకు నానబెట్టిన సొరబుర్రలో గొట్టం కదుపుతూ.

నేను పైసాందూ తపాలా ఆఫీసులో
ఉత్తరాలు వేరుచేసే మనిషిని.
నలభై వేలంటే నా వేళ్ళ సందుల్లోంచి
ఎన్ని కవర్లు జారాలో లెక్కేసుకుని
"నేనే చేసుకుంటాలే" అన్నాను.
అతను నవ్వలేదు. అందుకే కాస్త భయం వేసింది.

బండి యాభై ఎనిమిది నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్.
హారన్ నొక్కితే వైపర్ ఒకసారి లేచి కూర్చుంటుంది.
ఎడమకి తిరుగుతానంటే లోపలి దీపం కన్నుకొడుతుంది.
వాన పడితే మాత్రం
దేనికీ దేనితోనూ మాటల్లేవు.

జులై చలి. రేకుల షెడ్డు. నది మీది పొగమంచు
తలుపు కింద సందులోంచి పిల్లిలా దూరేది.
డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని
ఒక తీగ లాగాను.
డొంక కదలడమంటే ఏమిటో
ఆ రాత్రి పదకొండింటికి తెలిసింది.

నూలు అల్లిక తొడుగులు. ఒకప్పుడు రంగులుండేవి వాటికి:
గోధుమ రంగు బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్‌ది,
నీలం పెద్ద దీపాలది, ఎరుపు చిన్నవాటిది.
ఇప్పుడు అన్నిటిదీ ఒకే మట్టిరంగు.
స్పిరిట్ గుడ్డతో అంగుళం అంగుళం రుద్దితే
అరవై ఏళ్ళ అడుగునుంచి ఇంత నీలం
బిడియంగా బయటికొచ్చేది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే కనక
ప్రతి కొసకీ ఒక చీటీ కట్టాను.
"కుడి పెద్ద దీపం గారికి, కింది గుమ్మం."
"పెట్రోలు ముల్లుకి, కేరాఫ్ డాష్‌బోర్డు."
చిరునామా లేనివి పదకొండు మిగిలాయి.
మా ఆఫీసులో అలాంటివాటికి ఒక బుట్ట ఉంది.
ఇక్కడ లేదు.
మెళ్ళో వేసుకుని ఇంట్లోకెళ్ళి సూప్ కాచుకున్నాను.

ఇంకో సంగతి. ఈ బండిలో
ప్లస్సు ఇనుప ఒంటిని పట్టుకుని ఉండిపోతుంది,
తీగల్లో తిరిగేది మైనస్సు.
లోకం తర్వాత పద్ధతి మార్చుకుంది గాని
ఇది తన మాట మీదే నిలబడింది.
తెలియక మొదటి ఫ్యూజు కాల్చాను. తెలిసి రెండోది.

సెప్టెంబరుకి ఒక్క హెడ్‌లైట్ తప్ప అన్నీ వెలిగాయి.
ఆ ఒక్కదానికీ నాలుగు ఆదివారాలు.
చివరికి స్టీరింగ్ గొట్టం వెనక దొరికింది ఆ అతుకు:
టంకం లేదు, ఊరికే మెలేసిన రెండు తీగలు,
మీద పుండుకి కట్టే పట్టీ.
ఎవడో చేతగాని వెధవ, డబ్బు మిగుల్చుకుందామని
సొంతంగా చేసుకున్నవాడు, అని తిట్టి
(నన్ను నేను ఆ లెక్కలో వేసుకోకుండా)
దాన్ని కోసి జేబులో వేసుకుని
బల్దొమేరో దగ్గరికి వెళ్ళాను, చూపించి గెలుద్దామని.

అతను కళ్ళజోడు నుదుటి మీదికి జరిపాడు.
ఆ మెలికను కిటికీ వెలుగులో పెట్టి
చాలాసేపు తిప్పాడు.
"కుడిచేతివాటం వాడు మెలేస్తే అటు తిరుగుతుంది.
ఇది ఎడమచేతిది."
సొరబుర్ర అతని ఎడమచేతిలోనే ఉంది.

"డెబ్బై ఒకటి. శుక్రవారం. నాకు పందొమ్మిది.
బయట ఒకమ్మాయి నిలబడి ఉంది.
డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాను."

ఆ సాయంత్రం షెడ్డుకి తనే వచ్చాడు.
టంకం నన్నే వెయ్యమని, తను దీపం పట్టుకున్నాడు.
"ముందు తీగ వేడెక్కనీ, జుల్మా. తొందరపడకు.
సీసం దానంతటదే దారి చూసుకుంటుంది."
అతని చెయ్యి వణికింది,
మా ఇద్దరి నీడలూ రేకుల మీద వణికాయి.
హెడ్‌లైట్ వెలిగింది. ఎదురుగోడ మీద
నేనెప్పుడూ చూడని సాలీడు ఒకటి బయటపడింది.

ఎంతివ్వాలన్నాను.
దీపం పట్టినందుకు మూడొందలన్నాడు,
చిల్లర లెక్కపెట్టుకునే తీసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ మేకుకి వేలాడుతున్న పదకొండింటిలోంచి
ఒకదాన్ని వేలితో పైకెత్తి
"ఇది రేడియోది" అన్నాడు.

ఈ బండికి రేడియో లేదే, అన్నాను.

"అప్పుడుండేది."